ప్లగ్ పీకినా పోని షాక్

క్లుప్తంగా: వేల వోల్టుల డీసీని, అంటే ఎప్పుడూ ఒకే దిక్కుకు పారే కరెంటును, పుట్టించడం ఇప్పుడు పెద్ద కష్టమేమీ కాదు. దోమల బ్యాట్‌లో జరిగేది అదే. అయితే లేబుల్ మీద రాసిన వోల్టుల సంఖ్యకూ ప్రాణహానికీ సూటి సంబంధం లేదు. ఆ పరికరంలో ఎంత శక్తి నిల్వ ఉంది, సరఫరా ఆగాక అది ఎంతసేపు అక్కడే ఉంటుంది అన్నవి చూడాలి. డీసీ దగ్గర ఎక్కువ మంది పొరబడేది ఈ రెండో విషయంలోనే.

కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లు వరసగా ఉంటాయి. ఇంజినీరింగ్ ప్రాజెక్టుల సీజన్ వస్తే విద్యార్థులు అక్కడికే పరుగెత్తుతారు. వాళ్లు వెతికే వస్తువుల్లో, ఆన్‌లైన్లో అయితే ఏడాది పొడుగునా దొరికే వస్తువుల్లో ఒకటి హై వోల్టేజీ మాడ్యూల్. చూడటానికి బొటనవేలంత నల్లటి గొట్టం. ఒక పక్క రెండు వైర్లు. వాటికి నాలుగైదు వోల్టుల బ్యాటరీ తగిలిస్తారు. రెండో పక్క వైర్ల కొసలు దగ్గరికి తెస్తే చటచటమంటూ నీలం మెరుపు దూకుతుంది. అమ్మకం పేజీలో మాత్రం 4 లక్షల వోల్టులని ఒకరు రాస్తారు, 10 లక్షలని ఇంకొకరు రాస్తారు.

ఇది చూసిన తల్లిదండ్రులకు ఒక అనుమానం వస్తుంది. ఇంట్లో 230 వోల్టులకే మనిషి పోతాడు కదా, మరి 10 లక్షల వోల్టులు పిల్లాడి చేతికి ఎలా అమ్ముతున్నారు? అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే ఇందులో రెండు పొరపాట్లు కలిసి ఉన్నాయి. ఒకటి అమ్మేవాడిది, రెండోది అడిగేవాడిది.

లేబుల్ అబద్ధమని గాలే చెబుతుంది

అమ్మేవాడి పొరపాటు పట్టుకోవడానికి మీటరు అక్కర్లేదు, స్కేలు చాలు. మామూలు గాలి ఒక హద్దు దాకా కరెంటును అడ్డుకుంటుంది. ఎదురెదురుగా నున్నటి పలకలు పెడితే సెంటీమీటరుకు సుమారు 30 వేల వోల్టుల దగ్గర గాలి తెగిపోయి స్పార్క్ వస్తుంది. వైరు కొసల్లాంటి మొనలైతే ఇంకా తక్కువకే, సెంటీమీటరుకు 10 వేల వోల్టుల ప్రాంతంలోనే తెగుతుంది. ఆ మాడ్యూల్ స్పార్క్ పొడవు సెంటీమీటరో రెండో ఉంటుంది. అంటే అక్కడున్నవి ఇరవై వేల వోల్టుల చిల్లర. నిజంగా 10 లక్షలే ఉంటే రెండు మొనల మధ్య మెరుపు మీటరుకు మించి దూకాలి. ఆ గొట్టం పొడవే ఆరేడు సెంటీమీటర్లు! అన్ని వోల్టులు పుడితే కొసల దాకా రానక్కర్లేదు, గొట్టం ఒంటి మీదుగానే అటూ ఇటూ దూకేస్తాయి.

గాలి బలం ఊరిని బట్టి కూడా కొంచెం మారుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖపట్నంతో పోలిస్తే ఇక్కడ గాలి ఒత్తిడి ఆరు శాతం దాకా తక్కువ. కాబట్టి అదే ఖాళీని ఇక్కడ దాదాపు అంతే శాతం తక్కువ వోల్టేజీ తెగ్గొడుతుంది. ఇంటి వైరింగ్‌లో దీన్ని లెక్కపెట్టే పని లేదు. లక్షల వోల్టుల పరికరాలను పరీక్షించేవాళ్లు మాత్రం గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత, తేమ మూడూ నమోదు చేసి, వాటికి తగ్గట్టు ఫలితాన్ని సరిదిద్దుకుంటారు.

లేబుల్ అబద్ధమని తేలింది కాబట్టి భయం లేదనుకుంటే అది ఇంకో పొరపాటు. ఇరవై వేల వోల్టులతో ఏమీ కాకుండా బయటపడే సందర్భం ఉంది, రెండు వేల వోల్టులకే ప్రాణం పోయే సందర్భమూ ఉంది. ఎందుకో తెలియాలంటే ఈ వోల్టులు ఎలా పోగవుతాయో చూడాలి.

బెల్టు మీద మోసుకెళ్లే పద్ధతి

చలికాలం హైదరాబాద్‌లో గాలి పొడిబారినప్పుడు కారు దిగి తలుపు ముట్టుకుంటే చిటుక్కుమంటుంది. సీటుకు, బట్టలకు మధ్య రాపిడిలో ఒంటి మీద చేరిన విద్యుదావేశం తలుపు ద్వారా ఒక్కసారిగా పోవడమే అది. ఆ క్షణంలో ఒంటి మీద ఉండేది అయిదు వేల నుంచి పది వేల వోల్టుల డీసీ. అంతకంటే ఎక్కువ కూడా ఉండొచ్చు.

ఇదే పనిని యంత్రంతో ఆపకుండా చేయించాడు రాబర్ట్ వాన్ డి గ్రాఫ్. 1929లో ప్రిన్స్‌టన్‌లో ఆయన చేసిన తొలి నమూనా 80 వేల వోల్టులు ఇచ్చింది. 1931 నాటికి అది 15 లక్షలకు చేరింది. కింద ఒక మోటారు, దాని మీద తిరిగే బెల్టు, పైన బోలు లోహపు గోళం. బెల్టు కింద ఆవేశాన్ని ఎక్కించుకుని పైన గోళం లోపల దింపుతుంది. బోలు గోళం లోపల దించిన ఆవేశం లోపల నిలవదు, బయటి తలానికి పోతుంది. అందుకే లోపల ఎప్పుడూ దింపడానికి చోటు ఉంటుంది. ఈ కిటుకు వల్లే వోల్టేజీ పెరుగుతూ పోతుంది.

ఎక్కడ ఆగుతుందో గోళం సైజు నిర్ణయిస్తుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గోళానికి కాగితం మీద లెక్క వేస్తే హద్దు నాలుగున్నర లక్షల వోల్టులు. దుమ్ము, అతుకులు, తేమ వల్ల నిజంగా వచ్చేది అందులో కొంతే. జులైలో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టి గోళం పని చేయడం లేదని గాబరాపడే మాస్టార్లకు కారణం ఇదే. బెల్టు మీద తేమ చేరితే పైకి తెచ్చిన ఆవేశం తెచ్చినట్టే కిందికి కారిపోతుంది.

గాలి హద్దును దాటాలంటే గాలినే మార్చాలి. అణు భౌతిక ప్రయోగశాలల్లోని పెల్లెట్రాన్ యంత్రాలు అలాంటివే. రబ్బరు బెల్టు బదులు లోహపు గుళికల గొలుసు, చుట్టూ పెద్ద ఉక్కు ట్యాంకు, అందులో ఒత్తిడితో నింపిన సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో ఉన్నది 140 లక్షల వోల్టుల స్థాయిది, ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లోది 160 లక్షలది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ యంత్రం 250 లక్షల స్థాయికి వెళ్లింది. బెల్టుతో గానీ గొలుసుతో గానీ మోసుకెళ్లే పద్ధతిలో మనిషి చేరిన ఎత్తు దాదాపు అంతే.

దోమల బ్యాట్ లోపలి నిచ్చెన

రెండో పద్ధతి మన ఇళ్లలోనే ఉంది. పాడైన దోమల బ్యాట్ పిడి విప్పితే చిన్న బ్యాటరీ, ఒక ట్రాన్సిస్టరు, చింతగింజ కన్నా కొంచెం పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, రెండు మూడు డయోడ్లు, అన్నే కెపాసిటర్లు కనిపిస్తాయి. ట్రాన్సిస్టరు బ్యాటరీ కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదులుతుంది. అలా వణికే కరెంటును ట్రాన్స్‌ఫార్మరు కొన్ని వందల వోల్టులకు పెంచుతుంది. అక్కడి నుంచి కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే డయోడ్లు, ఆవేశాన్ని దాచుకునే కెపాసిటర్లు అందుకుంటాయి.

బావి నుంచి మేడ మీదికి నీళ్లు చేరేయడానికి మెట్టుకొకరు నిలబడి బిందెలు అందించుకోవడం లాంటిది ఈ పని. ఏసీ (దిక్కు మార్చుకుంటూ ఊగే కరెంటు) ఒక దిక్కుకు ఊగినప్పుడు ఒక కెపాసిటరు నిండుతుంది, రెండో దిక్కుకు ఊగినప్పుడు అది తన పైమెట్టులోని కెపాసిటరును నింపుతుంది. వెనక్కి కారిపోకుండా డయోడ్లు అడ్డుపడతాయి. ఇలా ఎన్ని మెట్లు కడితే అన్ని రెట్లు. బ్యాట్‌లో ఒకటి రెండు మెట్లుంటాయి, వోల్టేజీ వెయ్యి దాటి రెండు మూడు వేల దాకా వస్తుంది.

ఈ నిచ్చెనను గ్రైనాకర్ అనే స్విస్ శాస్త్రవేత్త ముందే చూపించినా, పేరు మాత్రం కాక్‌క్రాఫ్ట్, వాల్టన్‌లకు దక్కింది. 1932లో కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ల్యాబులో వాళ్లు దీంతో సుమారు 7 లక్షల వోల్టులు పుట్టించి, ప్రోటాన్లను పరుగెత్తించి లిథియం కేంద్రకాన్ని చీల్చారు. 1951లో నోబెల్ వచ్చింది.

నిచ్చెనకు ఒక లోపం ఉంది. మెట్లు పెరిగేకొద్దీ, కరెంటు వాడుకోవడం మొదలుపెట్టగానే పైన వోల్టేజీ కుంగుతుంది. ఆ కుంగుబాటు మెట్ల సంఖ్యతో సమానంగా పెరగదు, దాదాపు ఘనం లెక్కన పెరుగుతుంది. మెట్లు రెట్టింపు చేస్తే కుంగుడు ఎనిమిది రెట్లవుతుందన్నమాట. 10 మెట్లు, ఒక్కో కెపాసిటరు 10 నానోఫారడ్‌లు (ఎంత ఆవేశం పడుతుందో చెప్పే కొలత), అడుగున 10 వేల వోల్టుల శిఖరం ఉన్న ఏసీ అనుకుందాం. కరెంటేమీ లాగకపోతే, ఒక్కో మెట్టూ శిఖరానికి రెట్టింపు చేరుస్తుంది కాబట్టి, పైన 2 లక్షల వోల్టులు రావాలి. అందులోంచి ఒక మిల్లీయాంపియరు లాగితే, 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఊపులు) సరఫరా మీద లెక్క ప్రకారం వచ్చే తగ్గుదల 14 లక్షల వోల్టులు. ఉన్నదే రెండు లక్షలు కాబట్టి నిచ్చెన కూలిపోయినట్టే లెక్క. అదే నిచ్చెనను 50 వేల హెర్ట్జ్ మీద నడిపితే తగ్గేది 1,430 వోల్టులు.

ఇప్పటి పరికరాలు చిన్నవి కావడానికి ఇదొక ముఖ్య కారణం. ఫ్రీక్వెన్సీ పెంచితే చిన్న కెపాసిటర్లతోనే పని జరుగుతుంది. కెపాసిటరు చిన్నదైతే నిల్వ తగ్గుతుంది, నిల్వ తగ్గితే ప్రమాదమూ తగ్గుతుంది. పాతకాలపు 50 హెర్ట్జ్ నిచ్చెనలూ, ఎక్కడినుంచో ఏరుకొచ్చిన పెద్ద కెపాసిటర్లతో ఔత్సాహికులు కట్టేవీ ఎక్కువ ప్రమాదకరం కావడానికి కారణమూ ఇదే.

వోల్టులు కాదు, జౌళ్లు లెక్కపెట్టాలి

కెపాసిటరులో నిల్వ ఉండే శక్తి వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది, ఫారడ్‌లలో చెప్పే కెపాసిటెన్సుతోనూ పెరుగుతుంది. దాన్ని జౌళ్లలో కొలుస్తారు. ఈ ఒక్క లెక్క వేస్తే ఇందాకటి తికమక చాలావరకు విడిపోతుంది.

కారు తలుపు దగ్గర చిటుక్కుమన్నప్పుడు మన ఒంట్లో ఉన్నది, 10 వేల వోల్టులనుకున్నా, జౌలులో రెండు వందలో వంతు. ఎగ్జిబిషన్ గోళం 3 లక్షల వోల్టుల దగ్గర ఉంటే ముప్పావు జౌలు. గట్టిగా కొడుతుంది, చెయ్యి విదిలించుకుంటాం. దోమల బ్యాట్‌లో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు 1,500 వోల్టులకు నిండితే జౌలులో పదో వంతు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో 25 వేల వోల్టుల దగ్గర అర జౌలుకు అటూ ఇటూ. ఇక మైక్రోవేవ్ ఓవెన్ వెనక ఉండే చిన్న డబ్బాలాంటి కెపాసిటరు 2,800 వోల్టులకు నిండితే దాదాపు నాలుగు జౌళ్లు. పై 10 మెట్ల నిచ్చెనలో ఒక్క అవుట్‌పుట్ వైపు నిలువులోనే 20 జౌళ్లుంటాయి. గుండెకు షాక్ ఇచ్చే ఆసుపత్రి డీఫిబ్రిలేటర్ 200 నుంచి 360 జౌళ్ల దాకా ఇస్తుంది. గతి తప్పిన లయను దారిలో పెట్టే షాకే, సవ్యంగా కొట్టుకుంటున్న గుండె లయను తప్పించగలదు.

ఒక జౌలులోపు షాక్ నేరుగా చంపడం అరుదు, 10 జౌళ్లు దాటితే ప్రాణాంతకంగా భావించాలన్నది ఇంజినీర్లు పాటించే ముతక లెక్క. ముతకది అనడానికి కారణం ఉంది. షాక్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, గుండె మీదుగా వెళ్లిందా లేక ఒకే చేతి రెండు వేళ్ల మధ్య వెళ్లిందా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. చిన్న షాక్‌కే నిచ్చెన మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నవాళ్లు ఈ లెక్కలో రారు.

ఇంకొకటి. జౌళ్ల లెక్క నిల్వ ఉన్నదానికే. వెనక నుంచి ఆగకుండా సరఫరా చేసే యంత్రం ఉంటే అది చాలదు. ఓవెన్ ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చేది 2 వేల వోల్టులే అయినా వందల మిల్లీయాంపియర్లు ఆపకుండా ఇవ్వగలదు. దాన్ని ఊడదీసి చెక్క మీద మెరుపు బొమ్మలు కాల్చే సరదా విదేశాల్లో ఎంతోమంది ప్రాణాలు తీసింది. వీడియోల్లో చూసి ఇక్కడా మొదలుపెట్టేవాళ్లున్నారు. లేబుల్ మీద 10 లక్షలున్న గొట్టం కన్నా ఏ లేబులూ లేని ఈ ఇనుప ముద్ద ఎన్నో రెట్లు ప్రమాదకరం.

ఏసీ కన్నా డీసీ నయమా?

ఒక కోణంలో అవును. 50 హెర్ట్జ్ ఏసీ కండరాలను పట్టేస్తుంది; 10 మిల్లీయాంపియర్ల దగ్గరే చాలామంది పట్టుకున్న వైరును వదల్లేరు. డీసీలో కండరం గట్టిగా కుదుపునిచ్చేది తగిలినప్పుడు, విడిపోయినప్పుడు. షాక్ కొన్ని క్షణాల పాటు సాగితే, గుండె లయ తప్పించడానికి ఏసీ కన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువ డీసీ కావాలి.

కానీ వేల వోల్టుల దగ్గర ఈ తేడా ఓదార్పు కాదు. అంత వోల్టేజీకి చర్మం అడ్డు తెగిపోతుంది, ఒళ్లు వెయ్యి ఓమ్‌ల రెసిస్టరులా మిగులుతుంది. పైగా డీసీకి తనదైన మొండితనం ఒకటుంది. ఏసీ సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, అందువల్ల స్విచ్ తెరిచినప్పుడు పుట్టిన ఆర్క్ (గాల్లోంచి కరెంటు పారుతూ మండే మెరుపు) ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు. ఆర్క్ సాగదీసినకొద్దీ సాగుతుంది, మండుతూనే ఉంటుంది. ఏసీకి చేసిన ఎంసీబీని (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్‌ను) డీసీ లైనులో పెట్టకూడదనేది ఇందుకే.

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఇది ల్యాబుల సంగతిగా మిగల్లేదు. ఇంటి మీది సోలార్ ప్యానెళ్లను వరసగా కలిపితే కొన్ని వందల వోల్టుల డీసీ మెట్ల పక్క నుంచే దిగి వస్తుంది. స్విచ్ ఆపితే ఇన్వర్టరుకు కరెంటు ఆగుతుంది. ప్యానెల్ నుంచి స్విచ్ దాకా ఉన్న వైరులో ఎండ ఉన్నంతసేపూ అది ఉంటూనే ఉంటుంది. సూర్యుడికి ప్లగ్ లేదు.

గ్రిడ్‌లో డీసీ

నగరంలో తలెత్తితే కనిపించే తీగలన్నీ డీసీవేమోనని భయపడేవాళ్లున్నారు. కాదు. హైదరాబాద్ మెట్రో, ఎంఎంటీఎస్ పైతీగల్లో ఉన్నది 25 వేల వోల్టుల ఏసీ. వీధుల్లో 11 కేవీ (అంటే 11 వేల వోల్టులు), ఊరి చుట్టూ 132, 220, 400 కేవీ లైన్లూ ఏసీవే. మెట్రోలో డీసీ చూడాలంటే బెంగళూరు పోవాలి. అక్కడ పట్టాల పక్కన మూడో పట్టాలో 750 వోల్టుల డీసీ ఉంటుంది.

పెద్ద డీసీ దూరాలు దాటే లైన్లలో ఉంది. ఏసీ లైను ప్రతి సగం ఊపుకూ తీగ పొడవునా ఆవేశాన్ని నింపి ఖాళీ చేయాలి. డీసీకి ఆ వృథా లేదు. రెండు చివర్లా ఏసీని డీసీగా, డీసీని ఏసీగా మార్చే స్టేషన్ల ఖర్చు భారీగా ఉంటుంది కాబట్టి, 600 నుంచి 800 కిలోమీటర్లు దాటితేనే గిట్టుబాటు. ఇక్కడ వోల్టులు పోగయ్యేది బెల్టు మీదా కాదు, నిచ్చెన మీదా కాదు. ముందే ట్రాన్స్‌ఫార్మరు ఏసీని పెంచుతుంది, వరసగా కూర్చిన వందల థైరిస్టర్లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు దాన్ని ఒకే దిక్కుకు తిప్పుతాయి.

ఇందులో తెలుగు నేలకు చెప్పుకోదగ్గ వాటా ఉంది. దిగువ సీలేరు నుంచి ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బర్సూర్ దాకా 196 కిలోమీటర్ల ప్రయోగాత్మక డీసీ లైను 1989లో నడిచింది; దేశీయంగా ఈ విద్య నేర్చుకున్నది దాని మీదే. దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో లయ కలవని రోజుల్లో రామగుండం వైపు చంద్రపూర్ దగ్గర, విశాఖ గాజువాకలో డీసీ స్టేషన్లే వంతెనలు. ఒక పక్క ఏసీని డీసీ చేసి, అదే ఆవరణలో మళ్లీ ఏసీ చేసి అవతలి గ్రిడ్‌కు ఇచ్చేవి. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో గ్రిడ్‌లు కలిశాక వాటి పాత్ర మారింది. ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ నుంచి తమిళనాడులోని పుగలూర్‌కు వెళ్లే లైను ప్లస్ ఆర్ మైనస్ 800 కేవీ. అంటే ఒక తీగ నేల కన్నా 8 లక్షల వోల్టులు పైన, రెండోది 8 లక్షలు కింద, రెండింటి మధ్య 16 లక్షలు.

ఇలాంటి లైన్ల ఇన్సులేటర్లకు దుమ్ముతో తంటా. డీసీ క్షేత్రం ఎప్పుడూ ఒకే దిక్కు కాబట్టి దుమ్మును లాక్కుని అంటిపెట్టుకుంటుంది. మంచు పడి ఆ దుమ్ము తడిస్తే పింగాణీ మీదుగానే కరెంటు పాకుతుంది. అందుకే డీసీ ఇన్సులేటర్ల అంచులు లోతుగా, మొత్తం పాకే దారి పొడవుగా ఉండేలా చేస్తారు.

కంటికి కనపడని ఇంకొన్ని

వోల్టేజీ పెరిగాక షాక్ ఒక్కటే ప్రమాదం కాదు. గాలి తీసేసిన గొట్టంలో ఎలక్ట్రాన్లు పది వేల వోల్టులకు మించి పరుగెత్తి లోహానికి గుద్దుకుంటే ఎక్స్‌రేలు పుడతాయి. తక్కువ వోల్టేజీలో వాటిని గాజే ఆపేస్తుంది, పెరిగితే ఆపలేదు. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ తన కలర్ టీవీలను సుమారు 90 వేల దాకా వెనక్కి పిలిపించి సరిచేయాల్సి వచ్చింది ఇందుకే. పాత వాల్వులకు (గాలి తీసేసిన గాజు గొట్టాలకు) నిచ్చెన కట్టి ఆడుకునేవాళ్లు తెలియకుండానే ఎక్స్‌రే యంత్రం కట్టినట్టు. మన దేశంలో ఎక్స్‌రే యంత్రం పెట్టాలంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి.

స్పార్క్‌ల దగ్గర వచ్చే ఘాటు వాసన ఓజోన్‌ది. మూసిన గదిలో ఎక్కువసేపు పీలిస్తే గొంతు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పెల్లెట్రాన్ ట్యాంకుల్లోని సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ గాలి కన్నా అయిదు రెట్లు బరువు. విషం కాదు గానీ ట్యాంకు అడుగున చేరి ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. లోపలికి దిగినవాడికి వాసన కూడా తెలియదు.

స్విచ్ ఆపాక మొదలయ్యే పని

ఏసీతో పనిచేసే అలవాటు మనకు ఒక నమ్మకం ఇచ్చింది: మెయిన్ ఆపితే కరెంటు పోయినట్టే. అధిక వోల్టేజీ డీసీలో మెయిన్ ఆపితే కొత్తగా వచ్చేది ఆగుతుంది. అప్పటికే చేరింది కెపాసిటర్లలోనే కూర్చుని ఉంటుంది.

దాన్ని మెల్లగా ఖాళీ చేయడానికి బ్లీడర్ రెసిస్టర్లు పెడతారు. ఓవెన్ కెపాసిటరులో సాధారణంగా లోపలే 10 మెగాఓమ్‌ల రెసిస్టరు ఉంటుంది. అది బాగుంటే 2,800 వోల్టులు యాభై సెకన్లలో ఇరవైకి దిగుతాయి. అది తెగిపోతే మాత్రం ఓవెన్ మామూలుగానే వంట చేస్తుంది, ఏ దీపమూ వెలగదు, ఏ శబ్దమూ రాదు. ఆ సంగతి మూత విప్పిన మెకానిక్ వేలికే తెలుస్తుంది.

ఖాళీ చేసిన కెపాసిటరు కూడా పూర్తిగా ఖాళీ కాదు. లోపలి ఇన్సులేషన్ పొర కొంత ఆవేశాన్ని స్పాంజి నీళ్లు పీల్చుకున్నట్టు పీల్చుకుని, షార్ట్ తీసేశాక మెల్లగా వదులుతుంది. కొన్ని నిమిషాలు పోయాక టెర్మినళ్ల మధ్య మళ్లీ వోల్టేజీ కనిపిస్తుంది. పెద్ద కెపాసిటర్లను రెండు టెర్మినళ్లూ వైరుతో కలిపి కట్టి దాచేది అందుకే. గోదాములో ఏళ్ల తరబడి పడి ఉన్నా ఆ వైరు విప్పరు.

పాత టీవీ మెకానిక్‌లకు ఇది పుస్తకం లేకుండానే తెలుసు. ట్యూబు పక్కనున్న రబ్బరు క్యాప్ కిందికి స్క్రూడ్రైవర్ దూర్చి, దాని కడ్డీకి చుట్టిన వైరును ట్యూబ్ ఎర్త్‌కు తగిలించేవాళ్లు. టప్‌మనేది. కొంచెం ఆగి మళ్లీ తగిలిస్తే రెండోసారి చిన్నగా టప్‌మనేది. ఆ రెండోదే స్పాంజి వదిలిన నీరు. అర జౌలు దగ్గర ఈ పద్ధతి సరిపోయింది. పదుల జౌళ్ల దగ్గర అదే స్క్రూడ్రైవర్ కొస కరిగి కంట్లో పడుతుంది. కాబట్టి ముందు రెసిస్టరు ఉన్న డిశ్చార్జ్ రాడ్‌తో నెమ్మదిగా దించి, ఆ తర్వాత నేరుగా ఎర్త్ చేయాలి.

రబ్బరు గ్లౌజుల మీద నమ్మకం కూడా ఇక్కడ పనికిరాదు. ప్రమాణాల ప్రకారం దొరికే అత్యంత మందమైన గ్లౌజులు 36 వేల వోల్టుల ఏసీ దాకానే. లక్ష వోల్టుల దగ్గర కాపాడేది దూరమొక్కటే. ఇన్సులేటింగ్ చాప మీద నిలబడ్డా చిక్కే. దగ్గర్లోని టెర్మినల్ నుంచి గాల్లోకి కారే ఆవేశం మనిషి మీద పేరుకుని, కొళాయి ముట్టుకోగానే కొడుతుంది.

పరిశ్రమల్లో దీన్ని ఎలా సంభాళిస్తారో బొగ్గు కరెంటు కేంద్రాల్లో చూడొచ్చు. రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల చిమ్నీకి ముందు పొగలోంచి బూడిద పట్టే ఈఎస్‌పీ అనే పెద్ద గదులుంటాయి. వేలాడే తీగలకు 40 వేల నుంచి 80 వేల వోల్టుల దాకా నెగెటివ్ డీసీ ఇస్తారు. బూడిద రేణువులు ఆవేశం అందుకుని పలకలకు అంటుకుంటాయి. పలకల విస్తీర్ణం ఎక్కువ కాబట్టి ఆ గది తానే ఒక పెద్ద కెపాసిటరు. ఒక విభాగం 100 నానోఫారడ్‌లు అనుకుంటే 50 వేల వోల్టుల దగ్గర 125 జౌళ్లు. బూడిద దులపడానికి, తెగిన తీగ మార్చడానికి మనుషులు అందులోకే దిగాలి.

అందుకని తాళంచెవుల వరస పెడతారు. సరఫరా ఆపితేనే మొదటి చెవి ఊడుతుంది. ఆ చెవితో ఎర్త్ స్విచ్ తిప్పితేనే రెండో చెవి వస్తుంది. గది తలుపు రెండో చెవికే తెరుచుకుంటుంది. ఎంత తొందరున్నా వరస దాటడం కుదరదు. లోపలికి వెళ్లాక కూడా తీగలకు సొంతంగా ఎర్త్ కొక్కెం తగిలించి, పని అయ్యేదాకా అది తీయరు. మన లైన్‌మెన్‌లు ఎల్‌సీ (లైను ఆపామని సబ్‌స్టేషన్ ఇచ్చే లైన్ క్లియర్) తీసుకున్నాక కూడా లైను మీద ఎర్త్ రాడ్ వేసుకోవడం ఇలాంటిదే. ఎల్‌సీ అనేది ఇంకొకరు ఇచ్చే మాట, ఎర్త్ రాడ్ అయితే తన చేత్తో వేసుకున్నది.

లెక్క పెద్దదయ్యేకొద్దీ మనిషి జ్ఞాపకం మీద ఆధారపడటం తగ్గించుకుంటూ పోతారు. వరంగల్ రోడ్డులో మేడిపల్లి దగ్గర కేంద్ర విద్యుత్ పరిశోధనా సంస్థ వారి అతి అధిక వోల్టేజీ ల్యాబు ఉంది. అక్కడి ఇంపల్స్ జనరేటరు 50 లక్షల వోల్టులది, నిల్వ 500 కిలోజౌళ్లు. డీఫిబ్రిలేటర్ ఇచ్చే అతిపెద్ద షాక్‌కు వెయ్యి రెట్లకు పైమాటే. కెపాసిటర్లన్నిటినీ పక్కపక్కన పెట్టి డీసీతో నింపి, స్పార్క్‌లతో ఒక్కసారిగా వరసలోకి కలిపి పిడుగులాంటి దెబ్బ తీయడం దాని పని. 1920ల్లో ఎర్విన్ మార్క్స్ చూపిన పద్ధతి.

ఇలాంటి యంత్రాలకు ఎర్త్ చేసే చేతిని సాధారణంగా తిరగేసి అమరుస్తారు. అది ఎప్పుడూ కింద పడటానికే సిద్ధంగా ఉంటుంది. సరఫరా ఉన్నంతసేపు విద్యుదయస్కాంతమో గాలి పిస్టనో దాన్ని పైకి ఎత్తి పట్టుకుంటుంది. కంచె గేటు తెరిచినా, ఎమర్జెన్సీ బటన్ నొక్కినా, మొత్తం కరెంటే పోయినా పట్టు వదిలి, చేయి తన బరువుతో టెర్మినల్ మీద పడుతుంది. కాలేజీ ప్రాజెక్టుల్లో సర్క్యూట్ ఎంత బాగా కట్టినా ఎక్కువగా కనపడనిది ఈ చేయే. దాని ఖర్చు ఒక బిజాగరీ, ఒక రాగి కడ్డీ, మూడు మీటర్ల ఎర్త్ వైరు.